ఒక జ్వరమునకు ఒకే కారణముండవలెనా?

జ్వరము ప్రవేశించిన ఇంటిలో నేడు మొట్టమొదట వినబడు ప్రశ్న "పరీక్షలో ఏమి వచ్చినది?" అనునదే. కరోనా అనియో, ఫ్లూ అనియో, డెంగ్యూ అనియో ఒక పేరు కాగితము మీద కనబడగానే ఇంటిల్లిపాదికిని మనస్సు కుదుటపడును. పేరు దొరికినది గనుక మందు దొరికినట్లే, మందు దొరికినది గనుక ఇక తగ్గుటకు ఎదురుచూచుటయే మిగిలినదని తలంతురు. నాకు అభ్యంతరము ఆ కుదుటపాటుతోనే. మా నిజామాబాదు జిల్లా వంటి చోట్ల, అందులోను వానలు వెనుకబట్టి చలి తిరుగు నెలలలో, కాగితము మీది పేరు నిజమే అయినను సగము నిజము మాత్రమే కావచ్చును. గొంతులో వైరసు ఉన్నంత మాత్రాన రక్తములో మరియొక రోగబీజము ఉండరాదను నియమమేదియు లేదు. ఒకే దేహములో రెండు జ్వరములు ఒక్కమారు కాపురముండుట అసంభవము కాదు; మనము వెదకము గనుక కనబడదు.

మా ముప్కాల్ ఆర్మూరునకు ఉత్తరమున, నిర్మల్ పోవు జాతీయ రహదారి మీద ఉన్నది. 2016లో బాల్కొండ నుండి విడివడి మండల కేంద్రమైనది. పసుపు ఇచ్చటి పేరుగన్న పంట. దానితోపాటు మక్క, ఎర్రజొన్న, వరి. మృగశిర కార్తెలో నాటిన పసుపు ఎనిమిది, తొమ్మిది నెలలు భూమిలో ఉండును. భాద్రపదము వచ్చుసరికి ఆకులు ఏపుగా పెరిగి, నడుమ వేసిన మక్క నీడ తోడై, క్రింద నేల ఎల్లప్పుడు చెమ్మగా ఉండును. గట్ల మీద గడ్డి, తుప్పలు. కలుపు తీయు స్త్రీలు గంటల తరబడి ఆ నీడలో కూర్చుండి పనిచేయుదురు. కాలువ నీరు పారిన చోట వరి మడులు, వరి ఉన్న చోట ఎలుకలు, ఎలుకలున్న చోట వాటి మీద బ్రతుకు పురుగులు. ఇది ఎవరి తప్పును కాదు. పంటతోపాటు వచ్చిన పరివారము.

ఈ పరివారము వలన వచ్చు జ్వరములలో రెండింటిని ఇంటి పెద్దలు పేరుతో సహా తెలిసికొనియుండవలెను. మొదటిది స్క్రబ్ టైఫస్. గడ్డిలోను తుప్పలలోను ఉండు చిగ్గర్ అను నల్లి జాతి పురుగు కుట్టుట వలన ఇది వచ్చును. పెద్ద పురుగు కుట్టదు. ఆరు కాళ్ళ పిల్ల పురుగు మాత్రమే కుట్టును. అది మిల్లీమీటరులో ఐదవ వంతు మాత్రమే ఉండుట చేత కంటికి ఆనదు, కుట్టినప్పుడు నొప్పియు తెలియదు. దాని లాలాజలముతోపాటు ఓరియెన్షియా త్సుత్సుగముషి అను సూక్ష్మజీవి మన దేహములో చేరి, ఆరు దినములు మొదలుకొని మూడు వారములలోపు జ్వరమును పుట్టించును. తల్లి పురుగు నుండి గ్రుడ్డు ద్వారా పిల్లకు ఈ సూక్ష్మజీవి సంక్రమించును. కావున ఒక గట్టున పాతుకొనిన జబ్బు ఆ గట్టును అంత సులభముగా విడువదు. మనిషి నుండి మనిషికి మాత్రము ఇది అంటదు. రోగి కంచము వేరు పెట్టవలసిన పని లేదు.

రెండవ ప్రపంచ యుద్ధములో అస్సాము, బర్మా సరిహద్దులలో పోరాడిన సైనికులను ఈ జ్వరము మిక్కిలి బాధించినది. తరువాత చాలకాలము మన దేశములో దీనిని తలచుకొన్నవారు తక్కువ. వెదుకుట తిరిగి మొదలైన పిమ్మట హిమాలయ పాదములు మొదలు తమిళనాడు వరకు కనబడినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ జబ్బు ప్రబలుటను గూర్చి హైదరాబాదు నిమ్స్ వైద్యులు 2014లో వైద్య పత్రికలో వ్రాసిరి. 2025 చివరి నెలలలో చిత్తూరు, విజయనగరము మొదలగు జిల్లాలలోని కేసులు, మరణములు దినపత్రికలకెక్కినప్పుడు, ఇదేదో క్రొత్త రోగమని భయపడి నన్నడిగినవారు చాలమంది. క్రొత్తది రోగము కాదు, దానిని గూర్చిన ఎరుకయే క్రొత్తది.

రెండవది లెప్టోస్పైరోసిస్, ఎలుక జ్వరమని పత్రికలు వ్రాయుచున్నవి. ఎలుకలు, పశువులు, కుక్కల మూత్రము వాన నీటిలో, మడి నీటిలో కలియగా, ఆ నీటిలో ఒట్టి కాళ్ళతో నిలిచినవారికి పాదముల పగుళ్ళ ద్వారా సోకును. పిక్కలు పట్టుకొని నొక్కినచో ఓర్వలేని నొప్పి, కన్నులు ఎఱ్ఱబారుట దీని ప్రత్యేక లక్షణములు. ముదిరినచో కామెర్లు, మూత్రము తగ్గుట, ఊపిరితిత్తులలో రక్తస్రావము వరకు పోవును.

ఇక శ్వాసమార్గమున వచ్చు వైరసుల సంగతి. మన దేశములో ఫ్లూ వానకాలములో ఒకమారు, జనవరి మొదలు మార్చి వరకు మరియొకమారు విజృంభించుట వైద్యులకు తెలిసినదే. 2020లో వచ్చిన కరోనా ఋతువును లెక్కచేయలేదు గాని, దాని మొదటి తరంగము దేశములో పరాకాష్ఠకు చేరినది ఆ సంవత్సరము సెప్టెంబరు మధ్యలో. పంచాంగము తిరుగవేసి చూడండి: అది భాద్రపద మాసాంతము. స్క్రబ్ టైఫస్, ఎలుక జ్వరము, డెంగ్యూ అన్నియు తలలెత్తు కాలము. ఆ నెలలలో ఊరివారిలో దగ్గును జ్వరమును ఉన్న ప్రతివారిని ఒక్క దృష్టితోనే చూచితిమి. పరీక్షలో కరోనా ఉన్నదని వచ్చినచో ఇక వేరే ప్రశ్నయే లేదు. లేదని వచ్చినచో పరీక్షనే అనుమానించి మరల చేయించినారే గాని, వేరు జబ్బేమైన ఉన్నదేమో అని అడిగినవారు తక్కువ. కరోనాతోపాటు స్క్రబ్ టైఫస్, కరోనాతోపాటు లెప్టోస్పైరోసిస్ కలసి కనబడిన రోగులను గూర్చి తరువాత వైద్య పత్రికలలో వివరములు వెలువడినవి. అట్లు వెలువడినవి పెద్ద ఆసుపత్రులకు చేరినవారి కథలు. చేరనివారి కథలు వ్రాయువారెవరు?

ఈ పొరపాటునకు రోగ లక్షణములు తోడుపడును. తలనొప్పి, ఒళ్ళు నొప్పులు, చలి, పొడి దగ్గు, వాంతి, నీరసము ఈ జ్వరములన్నింటికిని ఉమ్మడి సొత్తు. స్క్రబ్ టైఫస్ ముదిరినచో ఊపిరితిత్తులు వాచి ఆయాసము వచ్చును, ఆక్సిజను తగ్గును. ఛాతీ చిత్రము తీసినచో రెండువైపులను తెల్లని మచ్చలు కనబడును. కరోనాలోను అంతే. స్క్రబ్ టైఫస్‌లోను, ఎలుక జ్వరములోను ప్లేట్‌లెట్లు తగ్గును. ప్లేట్‌లెట్లు తగ్గుట డెంగ్యూకు మాత్రమే చెందిన గుణమని మన ఇండ్లలో ఎట్లు పాతుకొన్నదో గాని, సంఖ్య తగ్గిన మరుక్షణమే బొప్పాయి ఆకుల కొరకు పరుగెత్తుదురు. ఆ ఆకు రసము ఎవరికి ఎంత మేలుచేసినదో తేల్చు పని నాది కాదు. దాని కొరకు రెండు దినములు వృథాయగుట మాత్రము నేనెరుగుదును.

2021 ఆశ్వయుజములో మా మండలపు పల్లెనుండి ఒక రైతు తన ఇల్లాలిని తీసికొనివచ్చెను. ఆమెకు నలుబది సంవత్సరములు దాటినవి. ఎనిమిది దినములుగా జ్వరము. రెండవ దినముననే ఇంటివద్ద కిట్టుతో చూచుకొనిరి. కరోనా ఉన్నట్లు గీత వచ్చినది. ఇంటిలో మరి ఇద్దరికిని వచ్చి, నాలుగైదు దినములలో తగ్గిపోయినది. ఈమెకు మాత్రము తగ్గలేదు. ఊరి ఆర్.ఎం.పి. "కరోనాయే గదా, పదునాలుగు దినములు ఓపిక పట్టవలెను" అని చెప్పి పంపెనట. నాడి చూచితిని, జ్వరవేగము తప్ప విశేషమేమియు చెప్పలేదు. నాలుక మందముగా తెల్లగా ఉన్నది, చంకలో బిళ్ళ కట్టినది. బిళ్ళ కట్టుటకు సమీపములో పుండో దెబ్బయో ఉండవలెను గదా అని, ఆమె అత్తగారిని లోపలికి పిలిచి, రవిక క్రింద, నడుము చుట్టు, తొడల మూలములలో ఒళ్ళంతయు జాగ్రత్తగా చూడుమని చెప్పితిని. ఆ ముసలమ్మ బయటకు వచ్చి, "అయ్యగారూ, రొమ్ము కింద చుట్ట కాల్చి పెట్టినట్టు నల్లగ ఉన్నది. నొప్పి లేదంటది. ఎప్పుడు అయిందో కూడ తెలువదంటది" అన్నది. ఆ ముసలమ్మ చెప్పిన పోలికయే వైద్య గ్రంథములలోను ఉన్నది. చిగ్గర్ కుట్టిన చోట చర్మము మాడి ఏర్పడు నల్లని పెచ్చు అది. వెంటనే చీటి వ్రాసి జిల్లా కేంద్రములోని ఆసుపత్రికి పంపితిని. అక్కడ రక్తపరీక్షలో స్క్రబ్ టైఫస్ అని తేలినది. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టిన రెండవనాటికి జ్వరము దిగినది.

ఆమెకు కరోనా లేదని నేననను. ఇంటిలో అందరికిని వచ్చినది, ఆమెకును వచ్చియే ఉండును. ఆ గీత అబద్ధము కాదు. కాని ఎనిమిది దినములు ఆమెను మంచము పట్టించినది ఆ గీత చెప్పిన జబ్బు కాదు.

మా గురుకులములో మాకు మొదట నేర్పినది మందుల పేర్లు కాదు, చూచుట. నాడి, మూత్రము, మలము, నాలుక, శబ్దము, స్పర్శ, దృష్టి, ఆకృతి అను అష్టస్థాన పరీక్షను గురువుగారు ప్రతి ఉదయము రోగి ఎదుట మాచేత చేయించెడివారు. నాడి పట్టి మిగిలిన ఏడింటిని విడిచినవానిని "ఎనిమిది గదుల ఇంటిలో వసారా చూచి వచ్చినవాడు" అని ఎగతాళి చేసెడివారు. నేడు నాడి స్థానములో కిట్టు వచ్చినది, అంతే భేదము. వసారా చూచి మరలుట మాత్రము మారలేదు. ఈ దోషము ఆంగ్ల వైద్యులది మాత్రమే కాదు. నాడి పట్టి సర్వము చెప్పెదమను మా వైద్యులలోను అంతే ఉన్నది.

రెండు రోగములు కలసియుండుట మన శాస్త్రమునకు క్రొత్త గాదు. చరక సంహిత నిదానస్థానము ఎనిమిదవ అధ్యాయములో వ్యాధిసంకరమను మాట కలదు. ఒక వ్యాధి మరియొక వ్యాధికి దారితీయుట, తాను తొలగకయే రెండవదానితో కూడియుండుట అచ్చట చర్చింపబడినవి. అట్టి రోగిని బాగుచేయుట కష్టమని ఆచార్యుడు గుర్తించినాడు. కొందరు దీనిని సన్నిపాతముతో కలిపివేయుదురు. సన్నిపాతము మూడు దోషములు ఒక్కమారు ప్రకోపించుట. సంకరము రెండు వ్యాధులు పెనవేసికొనుట. మొదటిది ఒక ఇంటిలోని ముగ్గురు అన్నదమ్ముల కలహము, రెండవది ఇద్దరు పరాయివారు ఒకే ఇంటిలో దూరుట. పరాయివారిరువురిని వేరువేరుగా గుర్తించి వెడలగొట్టవలెను.

ఇచ్చట ఒక హెచ్చరిక మా వైద్య సోదరులకు చేయవలసియున్నది. సుశ్రుత సంహిత కల్పస్థానములో పదునెనిమిది జాతుల మూషికములను, వాటి విషము వలన గ్రంథులు, వాపులు, జ్వరము మొదలగునవి కలుగుటను చెప్పినారు. ఎలుకకును జ్వరమునకును గల సంబంధమును అంత పూర్వము గమనించుట గొప్పయే; ఆ పుటలు చదువునప్పుడు నాకు గర్వము కలుగును. అయినను దానిని చూపి "లెప్టోస్పైరోసిస్ మాకెన్నడో తెలియును, మందును మావద్దనే ఉన్నది" అని సభలలో చెప్పువారిని చూచిన బాధ కలుగును. ఆచార్యుడు చూచినదానిని చూచినంతవరకు వ్రాసినాడు. ఆయన చూడనిదానిని ఆయనకు అంటగట్టుట గౌరవము కాదు. స్క్రబ్ టైఫస్‌ను కషాయముతో నయముచేసితినని చెప్పు వైద్యుని మాట నేను నమ్మను. చికిత్స లేకయే తగ్గినవారును ఉందురు గాని, చికిత్స లేనివారిలో నూటికి సుమారు ఆరుగురు మరణించిరని పాత లెక్కలను కూర్చి చూచినవారు తేల్చినారు. కొన్ని చోట్ల అంతకు ఎన్నో రెట్లు. పది రూపాయల మాత్ర లేక పోవు ప్రాణమిది.

కరోనా కాలములో జరిగిన ఒక విచిత్రము చెప్పెదను. 2020, 2021 సంవత్సరములలో మన దేశములో చాల చోట్ల కరోనా రోగులకు అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్ మాత్రలు విరివిగా ఇచ్చిరి. 2021లో బ్రిటను దేశములో వేలమంది మీద చేసిన పరిశీలనలలో ఆ రెండును కరోనాకు పనిచేయవని తేలినది. కాని ఆ రెండే స్క్రబ్ టైఫస్‌కు అసలైన మందులు! కావున కరోనా అనుకొని మ్రింగిన మాత్రతో ఎవరికి తెలియకుండనే స్క్రబ్ టైఫస్ తగ్గినవారును ఉండియుందురు. మందు గురి తప్పి తగులవలసినదానికి తగిలినది. దీనిని చూచి "అయితే ప్రతి జ్వరమునకును ఆ మాత్రలే వేసికొందుము" అనుకొనుట తగదు. సగము దినములు వాడి మానినచో జబ్బు అణగి మరల లేచును, పరీక్షలో సరిగా దొరకదు, సూక్ష్మజీవులు మందుకు లొంగకుండ తయారగును. గర్భిణులకు డాక్సీసైక్లిన్ సాధారణముగా ఈయరు. వారికి అజిత్రోమైసిన్ ఇత్తురు. ఇది వైద్యుడు తేల్చవలసిన సంగతి.

దీనికి విరుద్ధమైన రెండవ సంగతి స్టెరాయిడ్లది. ఆక్సిజను అవసరమైన కరోనా రోగులకు డెక్సామెథసోన్ మేలుచేయునని 2020 జూన్‌లో తేలినది. ఆ ఒక్క వాక్యములో "ఆక్సిజను అవసరమైన" అను మాట జారిపోయి, 2021 వేసవిలో ఇంటివద్దనే తొలి దినములనుండి స్టెరాయిడ్ మాత్రలు వాడినవారెందరో. బ్లాక్ ఫంగస్ రూపములో దాని ఫలితము చూచితిమి. దేహములో గుర్తింపబడని మరియొక రోగబీజము దాగియుండగా ఈ మాత్రలు వాడినచో జ్వరము తాత్కాలికముగా దిగును, లోపలి జబ్బు యథేచ్ఛగా పెరుగును. జ్వరము దిగినదని ఇంటివారు సంతోషించుచుండగనే ఆయాసము మొదలగును.

పరీక్షలను అధికముగా నమ్మరాదనుట వానిని నిందించుటకు కాదు. అవి లేకున్న పైన చెప్పిన ఇల్లాలి జబ్బు రూఢియయ్యెడిది కాదు. ప్రతి పరీక్షకు ఒక పరిమితి ఉన్నది. స్క్రబ్ టైఫస్‌కు సాధారణముగా చేయు ఐజిఎం ఎలీసా మన రక్తములో పుట్టిన ప్రతిరక్షకములను వెదకును. మొదటి నాలుగైదు దినములలో అవి ఇంకను పుట్టియుండవు. వెనుక ఎప్పుడో వచ్చి పోయిన జబ్బు వలన ఉన్నట్లు చూపుటయు కలదు. కావున రెండు పరీక్షలలోను "ఉన్నది" అని వచ్చిన ప్రతివారికిని రెండు జబ్బులును ఇప్పుడే ఉన్నవని చెప్పుటయు తొందరపాటే. కాగితమును, ఒంటిని, రోగి చేసిన పనిని మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి చదువవలెను. పొలమునకు పోయినాడా, ఎలుకలున్న గిడ్డంగిలో పనిచేసినాడా, మడి నీటిలో దిగినాడా అను ప్రశ్నలకు ఖర్చు లేదు.

ఇక మన వంటింటి సంగతి. 2025 జనవరి 14న నిజామాబాదులో జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైన దినమున మా ఊరివారి ముఖములు చూచినవారికి పసుపు మాకేమో తెలియును. అట్టి ఊరి వైద్యుడను, పసుపును నిందించుటకు నాకు నోరు రాదు. గొంతు గరగర ఉన్నప్పుడు రాత్రివేళ వేడి పాలలో పావు చెంచా పసుపు, చిటికెడు మిరియాల పొడి వేసి త్రాగుట హాయినిచ్చును, నేనును త్రాగుదును. కాని పసుపు పాలు స్క్రబ్ టైఫస్‌ను తగ్గింపవు, ఎలుక జ్వరమును తగ్గింపవు, వాటిని రాకుండ ఆపవు. పసుపు చేలో పనిచేయువారికే ఈ జబ్బు వచ్చుచున్నదంటే ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

వంటకు వాడు పసుపు వేరు, సీసాలలో అమ్ము పసుపు సారపు గొట్టాలు వేరు. పసుపు మాత్రలు వాడిన పదిమందిలో కాలేయము దెబ్బతిన్న వివరములు అమెరికా వైద్యులు 2022లో ప్రకటించిరి. తిప్పతీగను గూర్చియు ఇట్టి వివాదము వచ్చినది. 2020 చివరి నెలలలో తిప్పతీగ వాడిన ఆరుగురికి కాలేయము వాచినదని ముంబయి వైద్యులు 2021లో వ్రాయగా, వారు వాడినది తిప్పతీగయేనా, దానిని పోలిన మరియొక తీగయా తేల్చకయే వ్రాసిరని ఆయుష్ మంత్రిత్వ శాఖ ఖండించినది. శాఖవారి ప్రశ్న సబబైనదే. అయినను రోగి తరఫున చూచినచో, ఏ తీగయో తెలియక కోసి తెచ్చి నెలల తరబడి త్రాగుటయే అసలు ప్రమాదము. స్క్రబ్ టైఫస్‌లోను, ఎలుక జ్వరములోను కాలేయము మొదటనే వాచియుండును. అట్టి కాలేయము మీద పారాసిటమాల్ అధికముగా వేసి, దానిపై తిప్పతీగ కషాయము, దానిపై పసుపు గొట్టాలు, దానిపై ఎవరో చెప్పిన చూర్ణము పోసినచో అది ఎన్నింటిని మోయగలదు? జ్వరము ఐదవ దినము దాటినచో ఇంటి మందులన్నియు ఆపివేయవలెనని నేను నా రోగులకు చెప్పుచుందును. మా వైద్యులలో కొందరికి ఈ మాట రుచింపదు. ఉండనిండు.

జ్వరము వచ్చినవారి ఒంటిని చూచు పని ఇంటివారిది, ముఖ్యముగా ఇంటి స్త్రీలది. ఆసుపత్రిలో వరుసగా నిలుచున్న నలుబదిమందిని చూడవలసిన డాక్టరు ఒక ఇల్లాలి రవిక క్రింద చూడడు, ఆమె చూపదు. ఆ నల్లని పెచ్చు ఉండునది తరచుగా అట్టి చోట్లనే: చంకలు, రొమ్ముల క్రింద, లంగా బొందు లేదా మొలత్రాడు బిగియు నడుము చుట్టు, గజ్జలు, పిరుదుల నడుమ, చెవుల వెనుక, పిల్లలకైతే తలలో వెండ్రుకల మధ్యను. బట్ట ఒత్తుకొను చోట పురుగు ఆగి కుట్టును. నడుమ నల్లగా, చుట్టు ఎఱ్ఱగా, బొట్టు బిళ్ళంత ఉండును. నొప్పి గాని దురద గాని అంతగా ఉండదు. మన చామనఛాయ ఒంటి మీద తొందరగా కనబడదు గనుక పగటి వెలుతురులో చూడవలెను. కోడలికి అత్త, అత్తకు కోడలు, భర్తకు భార్య చూచినచో అయిదు నిమిషముల పని. పెచ్చు కనబడినచో గిల్లి తీయక, పసుపు పూయక, అట్లే డాక్టరునకు చూపవలెను. కనబడకపోయినంత మాత్రాన జబ్బు లేదనుకొనరాదు. చాలమందికి పెచ్చు ఏర్పడనే ఏర్పడదు.

నగరములలో ఉండు చదువరులు "ఇది పొలమువారి జబ్బు, మాకేల?" అనుకొందురేమో. బతుకమ్మ పండుగకు హైదరాబాదునుండి పిల్లలతో ఊరికి వచ్చువారు తంగేడు, గునుగు కొరకు ఎక్కడికి పోవుదురు? ఆ గట్లకు, ఆ తుప్పలలోనికే గదా. పూలకు పోవద్దని నేననను; ఆ పిల్లలకు ఊరు తెలియు దినములవే. నిండు చేతుల చొక్కా, కాళ్ళకు మేజోళ్ళు, బూట్లు వేసి పంపవలెను. గడ్డిలో కూర్చుండనీయరాదు, విప్పిన బట్టలను గట్టున పరువరాదు. ఇంటికి రాగానే సబ్బుతో రుద్ది స్నానము చేయించి, తొడిగిన బట్టలను వేడి నీటిలో ఉతుకవలెను. తిరిగి పోయిన రెండు మూడు వారములలోపు పిల్లవానికి జ్వరము వచ్చినచో, హైదరాబాదు డాక్టరుతో "మేము ఊరికి పోయి వచ్చితిమి, పిల్లవాడు తుప్పలలో తిరిగినాడు" అని తామే ముందుగా చెప్పవలెను. ఆయన అడుగకపోవచ్చును. మడిలో దిగువారికి పొడుగు బూట్లు మేలు. వేడికి వేసికొనలేమందురు, నిజమే, అయినను కాళ్ళు పగిలియున్న దినములలోనైన వేసికొనవలెను. 2018 వరదలలో కేరళ ప్రభుత్వము నీటిలో పనిచేయువారికి ముందుజాగ్రత్తగా వారమునకొకమారు డాక్సీసైక్లిన్ ఇప్పించినది. వరద వచ్చినప్పుడు మన ఆరోగ్య శాఖవారును ఆ ఏర్పాటు చేయవలెనని నా కోరిక.

ఆసుపత్రిలో చేరవలసి వచ్చినవారికి ఒక మంచి సంగతి ఉన్నది. మన దేశములోని ఏడు ఆసుపత్రులలో 794 మంది తీవ్రమైన స్క్రబ్ టైఫస్ రోగులను పరిశీలించి, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవారి ఆధ్వర్యమున 2023లో ఫలితములు ప్రకటించిరి. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెంటిని కలిపి నరము ద్వారా ఎక్కించినవారిలో, ఏదో ఒక్కటే ఇచ్చినవారిలో కంటె ఉపద్రవములు తక్కువ. మరణముల సంఖ్యలో పెద్ద భేదము కనబడలేదు గాని, ఊపిరితిత్తులు, మూత్రపిండములు దెబ్బతినుట తగ్గినది. ప్రపంచమంతయు చదివిన ఈ పరిశీలన మన రోగుల మీద, మన వైద్యుల చేతులలో జరిగినది.

మా వైద్యమునకు ఇందులో చోటు లేదా అని అడుగువారున్నారు. ఉన్నది, రోగి ప్రక్కన. జ్వరములో దప్పికకు షడంగ పానీయము కంటె మేలైనది నేనెరుగను. తుంగముస్తలు, పర్పాటకము, వట్టివేరు, మంచిగంధము, కురువేరు, శొంఠి సమభాగములుగా దంచి, ఆ పొడి 12 గ్రాములు ముప్పావు లీటరు నీటిలో వేసి సగమగువరకు కాచి వడబోసి, చల్లార్చి, దినమంతయు కొద్దికొద్దిగా త్రాగింపవలెను. డాక్టరు ఇచ్చిన మాత్రకును దీనికిని మధ్య రెండు గంటల వ్యవధి ఉంచండి. డాక్సీసైక్లిన్‌ను పాలతో మ్రింగరాదు, ఒక నిండు గ్లాసు మంచినీటితో కూర్చుండియే మ్రింగవలెను. మూత్రము తగ్గినవారికి, ఒళ్ళు ఉబ్బినవారికి, ఆయాసమున్నవారికి ఏ పానీయమైనను డాక్టరు చెప్పిన కొలతకు మించి ఈయరాదు. ఆకలి పుట్టువరకు పలుచని బియ్యపు జావ, పిమ్మట పెసరకట్టు, అటుపిమ్మట మెత్తని అన్నము. జ్వరము దిగిన వారము దినములవరకు పొలమునకు పంపరాదు. పసుపు త్రవ్వకములు మాఘములో గదా, అంతవరకు కలుపు ఆగును.